ర్యాంకు చెప్పి ఊరుకోకండి: పత్రికా స్వేచ్ఛను కొలిచేవారికీ, ఆ కొలతను అచ్చువేసేవారికీ బహిరంగ లేఖ

పత్రికా స్వేచ్ఛ సూచీలు తయారుచేసే సంస్థల బాధ్యులకు, ఆ సూచీలను ఏటా అచ్చువేసే సంపాదకులకు,

నమస్కారం. మీ పని మీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే గత మూడేళ్లలో మీలో కొందరికి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒకదానికి 'మీ సందేశం అందింది' అని కంప్యూటర్ తనంతట తాను పంపే జవాబు వచ్చింది. ఇంకొకటి చదివిన సంపాదకుడు ఫోన్ చేసి, 'ఇది పాఠకుడికి పట్టే విషయం కాదండీ' అన్నారు. మిగతా రెండింటికి ఆ పాటి పలుకు కూడా లేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను ఒక దినపత్రిక డెస్క్‌లో ఇరవై రెండేళ్లు ఉపసంపాదకుడిగా పనిచేశాను. ఏటా మే 3న వచ్చే ప్రపంచ పత్రికా స్వేచ్ఛా దినానికి అటూ ఇటూగా, పారిస్‌లోని రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ 180 దేశాల జాబితా విడుదల చేస్తుంది. దాని మీద ఏజెన్సీ కాపీ వచ్చేది. మొదట ఎవరు, చివర ఎవరు, మనం ఎక్కడ, పొరుగువాళ్లు ఎక్కడ. నాలుగు పేరాలు, ఒక పట్టిక. ఇరవై నిమిషాల్లో పేజీకి వెళ్లిపోయేది. మర్నాడు దాని ఊసే ఉండేది కాదు.

ఒక ఏడాది జులైలో, మా పత్రికకు వార్తలు పంపే ఒక కంట్రిబ్యూటర్‌ను పోలీసులు తీసుకెళ్లారు. ఆసుపత్రిలో గడువు దాటిన మందులు రోగులకు ఇస్తున్నారని రాశాడు. ఆ కాపీ దిద్దింది నేనే. మందు పెట్టెల మీద తేదీల ఫొటోలు చూశాకే పేజీలో పెట్టాను. పదకొండు రోజులు లోపల ఉన్నాడు. యాజమాన్యాన్ని అడిగితే 'అతను మా ఉద్యోగి కాదు' అన్నారు. కాగితాల ప్రకారం అది నిజమే. అతని దగ్గర నియామక పత్రం లేదు, వార్తకు ఇంత అని ఇచ్చే డబ్బులు తప్ప జీతమూ లేదు. బయటికి వచ్చాక రాయడం మానేశాడు. ఆ ఏడాది ఏ సూచీలోనూ, ఏ లెక్కలోనూ అతను నాకు కనబడలేదు. మరుసటి మేలో మన ర్యాంకు కాస్త మెరుగుపడింది. 'పత్రికా స్వేచ్ఛలో మెరుగైన స్థానం' అని హెడ్డింగ్ పెట్టింది కూడా నేనే.

దేశాలను వరసలో నిలబెట్టినందువల్ల, ఆ ఆసుపత్రిలో ఆ మందు మింగిన రోగికి ఒరిగిందేమిటి? అప్పటి నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇదే. దేశాలను పోల్చవద్దని నేను అనను, పోల్చకపోతే ఎవరి గోడు వారి ఇంట్లోనే ఉండిపోతుంది. కానీ ఎవరిది ఎన్నో స్థానం అని కాకుండా, ఒక నిజం బయటపడినప్పుడు ఏ దేశంలో ఏం జరుగుతుందో పోల్చండి. ర్యాంకుతోనే సరిపెట్టుకోవడం వల్ల మామూలు మనిషికి తగిలే దెబ్బలేమిటో కింద వరసగా రాస్తున్నాను.

1. ర్యాంకు పెరిగినంత మాత్రాన స్వేచ్ఛ పెరిగినట్టు కాదు. భారత్‌ది 2023లో 161వ స్థానం, 2024లో 159. రెండు మెట్లు పైకి. అదే సమయంలో నూటికి వచ్చిన మార్కులు 36.62 నుంచి 31.28కి పడిపోయాయి. మనం ఎక్కిందేమీ లేదు, ఇతరులు మనకన్నా ఎక్కువ జారారు. హెడ్డింగ్ చదివి పేజీ తిప్పేసే పాఠకుడికి మనం అందించింది అబద్ధమే. అలాగే 2002 నాటి మొదటి జాబితాలో 80వ స్థానాన్ని ఇప్పటి 150ల పక్కన పెట్టి గ్రాఫ్ గీస్తాం. ఆ మొదటి జాబితాలో ఉన్నవి 139 దేశాలే. పైగా 2021 దాకా తక్కువ మార్కులు వచ్చినవారు మెరుగు. 2022లో కొలిచే పద్ధతి మార్చి, రాజకీయం, ఆర్థికం, చట్టం, సమాజం, భద్రత అని అయిదు భాగాలు చేసి, వందకు దగ్గరగా ఉన్నవారిని మెరుగు అన్నారు. పాత అంకెలతో పోల్చేటప్పుడు జాగ్రత్త అని సంస్థే చెప్పింది. ఆ జాగ్రత్త డెస్క్ దాటి పాఠకుడి దాకా ఏనాడూ చేరలేదు.

భూటాన్ సంగతి చూడండి. 2022లో 33, 2023లో 90, 2024లో 147. అక్కడ ఏ పత్రిక మూతపడింది, ఎవరిని పట్టుకెళ్లారు, ఏ చట్టం వచ్చింది? రెండేళ్లలో 114 మెట్లు దిగిన దేశం గురించి మన పాఠకుడికి ఒక్క వాక్యం చెప్పలేదు. హాంకాంగ్ 2021లో 80 నుంచి 2022లో 148కి పడింది. దానికి కారణాన్ని మాత్రం వేలు పెట్టి చూపించవచ్చు: 2021 జూన్‌లో అక్కడి యాపిల్ డైలీ పత్రిక మూతపడింది, దాని యజమాని, సంపాదకులు జైలుపాలయ్యారు. ఈ రెండు పతనాలూ పట్టికలో ఒకే సైజు అక్షరాల్లో కనబడతాయి.

2. లెక్కకు అందనివారే ఎక్కువ. న్యూయార్క్‌లోని కమిటీ టు ప్రొటెక్ట్ జర్నలిస్ట్స్ ఏటా జైళ్లలో ఉన్న విలేకరులను లెక్కిస్తుంది. 2024లో ఆ సంఖ్య 361. చాలా నిక్కచ్చిగా చేసే పని, నాకు దానిపై ఫిర్యాదు లేదు. కానీ అది డిసెంబరు 1న అర్ధరాత్రి దాటి ఒక నిమిషానికి లోపల ఉన్నవారి లెక్క. జులైలో వెళ్లి జులైలోనే వచ్చినవాడు ఆ అంకెలో ఉండడు. మా కంట్రిబ్యూటర్‌ను భయపెట్టడానికి పదకొండు రోజులు చాలాయి.

ఆఫ్రికాలోని ఎరిత్రియాలో విలేకరుల హత్యల వార్తలు దాదాపు వినబడవు. 2001 సెప్టెంబరులో స్వతంత్ర పత్రికలన్నింటినీ ఒక్కసారిగా మూసేశారు, సంపాదకులను పట్టుకెళ్లారు. రాసేవాడే మిగలని చోట హత్య చేయవలసిన అవసరం ఎవరికి ఉంటుంది? మెక్సికోలో యుద్ధం లేదు, పత్రికలు బోలెడు ఉన్నాయి, విలేకరుల రక్షణకు 2012లో చట్టం కూడా చేశారు. అయినా ఏటా విలేకరులు హత్యకు గురవుతూనే ఉన్నారు. రక్షణ పథకంలో ఉన్నవారిని కూడా చంపారు. హత్యలనే కొలబద్దగా పెట్టుకుంటే మెక్సికో కన్నా ఎరిత్రియా నయమని తేలుతుంది.

3. ఒకే కాగితాల కట్ట, నాలుగు దేశాలు. నా దృష్టిలో పత్రికా స్వేచ్ఛను పోల్చడానికి ఇంతకన్నా మంచి పరీక్ష దొరకదు. 2016 ఏప్రిల్ 3న పనామా పేపర్లు బయటికి వచ్చాయి. విదేశీ డొల్ల కంపెనీల వెనక డబ్బు దాచుకున్నవారి గుట్టు విప్పిన, పనామాలోని ఒక న్యాయ సంస్థ నుంచి లీకైన ఒక కోటీ 15 లక్షల పత్రాలు. పరిశోధన చేసినవారు వేర్వేరు దేశాల విలేకరులు, బయటపెట్టిన రోజు అందరికీ ఒక్కటే. తర్వాత ఏం జరిగిందో చూడండి.

ఐస్‌లాండ్‌లో మర్నాడే జనం పార్లమెంటు ముందుకు వచ్చారు. రెండు రోజుల్లో ప్రధాని తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. పాకిస్తాన్ ఏ సూచీలోనూ పై వరసల్లో ఉండే దేశం కాదు. అక్కడ ఆ పత్రాలతో మొదలైన కేసు సుప్రీంకోర్టుకు చేరి, 2017 జులైలో ప్రధాని నవాజ్ షరీఫ్ అనర్హుడయ్యాడు. చైనాలో ఆ పేరు వెతికితే ఫలితాలే రాకుండా చేశారు. ఇక మాల్టా. యూరోపియన్ యూనియన్ సభ్యదేశం, 2017 జాబితాలో 47వ స్థానం. ఆ పత్రాల్లో ఉన్న తమ దేశ రాజకీయ నాయకుల గురించి రాసిన విలేకరి డాఫ్నే కరువానా గలీజియాను 2017 అక్టోబరు 16న కారు బాంబుతో చంపేశారు.

బాంబు కన్నా ముందు జరిగినదాన్ని కూడా చూడాలి. చనిపోయేనాటికి ఆమె మీద 40కి పైగా పరువునష్టం దావాలు నడుస్తున్నాయి. బ్యాంకు ఖాతాలు స్తంభింపజేశారు. బాంబు ఒక్కరోజు పని, దావాలు ఏళ్ల తరబడి సాగాయి. హత్యకు దారితీసిన పరిస్థితులకు ప్రభుత్వమే బాధ్యత వహించాలని బహిరంగ విచారణ సంఘం తేల్చడానికి 2021 వచ్చింది. నోరు మూయించడానికి వేసే దావాలను అడ్డుకునే యూరోపియన్ ఆదేశం 2024లో వచ్చింది. ఆమె బతికి ఉండగా 47 అన్న అంకె చూసి, అక్కడ ఇంత జరుగుతోందని ఎవరైనా ఊహించగలిగేవారా?

పాకిస్తాన్ ఫలితం కూడా నన్ను ఆలోచింపజేస్తుంది. విలేకరులను అపహరించే దేశంలోనూ ఒక వార్తను కోర్టు చేపడితే, ప్రతిపక్షం వదలకుండా పట్టుకుంటే ప్రధాని పదవే కదిలింది. అంటే స్వేచ్ఛ పత్రికాఫీసులో మాత్రమే ఉండదు. రాసిన మాటను అందుకునే చేతులు బయట ఉన్నాయా లేదా అన్నదీ కొలవాలి. ఇప్పటి పట్టికల్లో అది విడిగా నాకు కనబడదు.

4. పాలగ్లాసు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేయి వణుకుతుంది. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున చెర్నోబిల్ అణు రియాక్టర్ పేలింది. ఆ సంగతి ప్రపంచానికి సోవియట్ పత్రికల ద్వారా తెలియలేదు. 28వ తేదీ ఉదయం, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో రేడియేషన్ అలారాలు మోగాయి. ఎక్కడి నుంచి వస్తోందని స్వీడన్ గట్టిగా అడిగాక, ఆ రాత్రి సోవియట్ టీవీలో ముక్తసరిగా ఒక ప్రకటన చదివారు. మే 1న కీవ్‌లో ఊరేగింపు యథావిధిగా జరిగింది, పిల్లలతో సహా.

ఆ రోజుల్లో గాలితో వచ్చి గడ్డి మీద పడిన రేడియోధార్మిక అయోడిన్, ఆవు పాల ద్వారా పిల్లల గొంతులోకి చేరింది. అప్పటికి పిల్లలుగా, కౌమారంలో ఉన్నవారిలో 2005 నాటికి 6,000కి పైగా థైరాయిడ్ క్యాన్సర్ కేసులు నమోదయ్యాయి. వాటిలో గణనీయమైన భాగానికి ఆ పాలే కారణమని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం చెప్పింది. ఆ కొన్ని వారాలు పిల్లలకు ఆ పాలు పట్టకూడదు. సమయానికి ఒక పత్రిక ఆ మాట అచ్చువేసి ఉంటే చాలు. పత్రికా స్వేచ్ఛ విలేకరుల హక్కు మాత్రమే అనుకునేవారికి నేను చెప్పేది ఈ పాలగ్లాసు గురించే.

పై వరసల్లో ఉన్న దేశాలు కూడా గర్వపడవలసింది లేదు. గర్భిణులు వాడిన థాలిడోమైడ్ మందు వల్ల అవయవాలు ఎదగని పిల్లలు పుడితే, దాని వెనక కథ రాయబోయిన సండే టైమ్స్‌ను బ్రిటన్ న్యాయస్థానాలు ఆపాయి. పరిహారం కేసులు పెండింగ్‌లో ఉన్నాయి, రాస్తే కోర్టు ధిక్కారం అన్నారు. ఆ ఆంక్ష తప్పని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 1979 ఏప్రిల్‌లో చెప్పింది, అది కూడా 11-9 ఓట్ల తేడాతో. అసలేం జరిగిందో తెలుసుకోవడం ఆ తల్లిదండ్రులకు అత్యవసరమని తీర్పులో ఉంది. రెండు ఓట్లు అటు పడి ఉంటే అది కూడా దక్కేది కాదు.

5. ఫైలు చూపించిన గుమాస్తా గతి. ఆఫీసులో జరిగే అన్యాయం చూసి తట్టుకోలేక ఒక గుమాస్తానో నర్సో విలేకరికి కాగితం చూపిస్తారు. ఆ మనిషికి ఏమవుతుంది? స్వీడన్‌లో 1766లోనే పత్రికా స్వేచ్ఛ చట్టం వచ్చింది, ప్రపంచంలో అదే మొదటిది. ఇప్పటి దాని రూపం ప్రకారం, దేశ భద్రత వంటి కొన్ని మినహాయింపులు వదిలేస్తే, 'ఎవరు చెప్పారు' అని ఆరా తీసే అధికారే తప్పు చేసినవాడు. అమెరికాలో 1791 నుంచి మొదటి రాజ్యాంగ సవరణ ఉంది. అయినా విలేకరి తనకు చెప్పినవారి పేరు దాచుకునే హక్కుకు అక్కడ కేంద్రస్థాయి చట్టం లేదు. న్యూయార్క్ టైమ్స్ విలేకరి జూడిత్ మిల్లర్ పేరు చెప్పనందుకు 2005లో 85 రోజులు జైల్లో ఉన్నారు. రెండు దేశాలకూ గొప్ప సంప్రదాయమే ఉంది, కానీ గుమాస్తాకు నిద్ర పట్టేది ఒక దేశంలోనే.

6. చంపకుండానే చంపడం. హంగేరీలో విలేకరులను కాల్చలేదు, సామూహికంగా జైల్లోనూ పెట్టలేదు. 2018లో ప్రభుత్వ అనుకూలురు తమ 400కి పైగా పత్రికలూ చానెళ్లూ రేడియోలను ఒకే ఫౌండేషన్ కిందికి చేర్చారు. దానికి జాతీయ ప్రాముఖ్యం ఉందని ప్రభుత్వం ప్రకటించి, పోటీ చట్టం కింద విచారణ లేకుండా చేసింది. ఇది పేరుమోసిన ఉదాహరణ, అంతే. 2025 సూచీ ప్రకారం 180లో 160 దేశాల్లో వార్తాసంస్థలు ఆర్థికంగా నిలదొక్కుకోలేకపోతున్నాయి, లేదా కష్టం మీద నెట్టుకొస్తున్నాయి. ప్రకటన ఆగితే జీతం ఆగుతుందని తెలిసిన డెస్క్‌లో ఏ వార్త చిన్నదవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తొందరపాటు పోలిక ఎవరికి మేలు చేస్తుందో కూడా చెప్పాలి. 2023లో భారత్ 161, అఫ్గానిస్తాన్ 152. అంతకు ఏడాది కిందటే తాలిబన్లు మహిళా యాంకర్లను ముఖం కప్పుకుని వార్తలు చదవమన్న దేశం అది. ఆ ఒక్క వరస చూపించి, మొత్తం సూచీని విదేశీ కుట్ర అని కొట్టిపారేయడానికి చాలామందికి వీలు దొరికింది. మరుసటి ఏడాది అఫ్గానిస్తాన్ 178కి దిగింది, అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్‌లో దళిత యువతిపై జరిగిన అత్యాచారం వార్త కోసం వెళ్తూ 2020 అక్టోబరులో అరెస్టయిన కేరళ విలేకరి సిద్దిఖ్ కప్పన్ 2023 ఫిబ్రవరి దాకా జైల్లో ఉన్నారన్నది ఏ పద్ధతితో కొలిచినా మారదు. ఆ సంగతిని పక్కకు నెట్టి 152 పైనా 161 పైనా వాదులాడుకున్నాం. అలా వాదులాడుకుంటున్నంతసేపు అధికారులు ఏ జవాబూ చెప్పనక్కర్లేకపోయింది.

అందుకని అడుగుతున్నాను.

సూచీలు తయారుచేసే సంస్థలను:

1. ప్రతి దేశం మార్కుల పక్కనే, ప్రశ్నపత్రానికి ఎందరు నిపుణులు జవాబిచ్చారో, వారి అంచనాల మధ్య ఎంత తేడా ఉందో అచ్చువేయండి. పేర్లు వద్దు, వారికి ప్రమాదం. సంఖ్య చాలు.

2. ఒక దేశం ఏడాదిలో 20 స్థానాలు మించి కదిలితే, దానికి కారణమైన ఘటనలను తేదీలతో సహా ఇవ్వండి.

3. నియామక పత్రం లేని కంట్రిబ్యూటర్లను, ఫొటోగ్రాఫర్లను, దుబాసీలను విడిగా లెక్కించండి. ఒక్క రోజు నిర్బంధాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. చనిపోతున్న విలేకరుల్లో అత్యధికులు స్థానికులే అని మీ లెక్కలే చెబుతున్నాయి.

4. వందల భాషలు, కోట్ల జనాభా ఉన్న దేశాలకు ఒకే అంకె ఇవ్వకండి. రాజధానిలో ఇంగ్లిష్ పత్రికకు ఉన్న స్వేచ్ఛ, మారుమూల స్థానిక భాషలో రాసేవాడికి ఉండదు. ప్రాంతాలవారీగా విడదీయండి. ప్రశ్నలను ఆ భాషల్లోనే అడగండి.

సంపాదకులను:

5. ర్యాంకు మీద హెడ్డింగ్ పెట్టడం ఆపండి. మార్కులు, గత ఏడాది మార్కులు, అయిదు భాగాల్లో ఎక్కడ తగ్గిందో వేయండి. స్థలం లేదనకండి, పట్టికలో మూడు గడులు పెంచితే సరిపోతుంది.

6. మీకు వార్త పంపే ప్రతి మనిషికీ రాతపూర్వకంగా ఒక పత్రం ఇవ్వండి. అరెస్టయిన రోజున 'మావాడే' అని మొదటి పేజీలో చెప్పండి. ప్రభుత్వాల వల్ల పోయే స్వేచ్ఛ గురించి రాసే హక్కు మనకు ఉండాలంటే, మన ఆఫీసులో మనం తీసేస్తున్న స్వేచ్ఛను ముందు తిరిగి ఇవ్వాలి. ఆ జులైలో నేను గట్టిగా నిలబడలేదు. ఆ తప్పు నాదీ.

7. మే 3న పట్టిక పక్కన ఒక పేరు వేయండి. దావిత్ ఇసాక్ ఎరిత్రియాలో పత్రిక నడిపిన సంపాదకుడు, స్వీడన్ పౌరుడు కూడా. 2025 జాబితాలో స్వీడన్‌ది 4వ స్థానం, ఎరిత్రియాది 180. ఆయనను ఎరిత్రియాలో 2001 సెప్టెంబరు 23న తీసుకెళ్లారు. కోర్టు ముందు నిలబెట్టలేదు, శిక్ష అంటూ ప్రకటించలేదు. 2017లో యునెస్కో ఆయనకు పత్రికా స్వేచ్ఛ పురస్కారం ఇచ్చింది, అందుకోవడానికి ఆయన రాలేకపోయాడు. 4కీ 180కీ మధ్య తేడా ఏమిటో పాఠకుడికి ఆ ఒక్క మనిషి కథ చెబితే తెలుస్తుంది.

ఈ ఏడింటిలో ఏవి చేయగలరో, ఏవి చేయలేరో, ఎందుకు చేయలేరో వచ్చే మే 3 లోగా చెప్పండి. జవాబు నాకు విడిగా పంపనక్కర్లేదు. పట్టిక అచ్చువేసే పేజీలోనే, పాఠకులందరికీ కనబడేలా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపసంపాదకుడు